విశాఖ నుంచి సందక్‌ఫూ: టీహౌస్‌ల దారిలో అయిదు రాత్రులు

వైజాగ్ స్టేషన్‌లో వివేక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి కూర్చుంటే బండి మారే పని లేకుండా న్యూ జల్పాయ్‌గురిలో దిగొచ్చు. కన్యాకుమారి నుంచి దిబ్రూగఢ్ దాకా పోయే ఆ బండి దేశంలోకెల్లా ఎక్కువ దూరం నడిచేది. మన ఊరు దాని దారిలోనే ఉంది. దిగిన చోటి నుంచి జీపులో నాలుగు గంటలు కొండెక్కితే సింగలీలా కొండవరస మొదట్లో ఉంటారు. అక్కణ్ణుంచి కాలిబాట. డేరా మోయక్కర్లేదు, గిన్నెలు మోయక్కర్లేదు. పగలు నడవడం, సాయంత్రానికి ఒక పల్లె చేరడం, ఎవరో ఒక దీదీ వంటింట్లో పొయ్యి పక్కన కూర్చుని టీ తాగి, వేడన్నం తిని, ఆవిడ ఇచ్చిన బరువైన రజాయి కప్పుకుని పడుకోవడం. టీహౌస్ ట్రెక్ అంటే ఇంతే. నేపాల్‌లో అన్నపూర్ణ, ఎవరెస్టు దారులు దీనికి పేరుపడ్డాయి. మన దేశంలో ఆ పద్ధతి నిజంగా నడుస్తున్న కొద్ది దారుల్లో సందక్‌ఫూ ఒకటి.

సందక్‌ఫూ ఎత్తు 3636 మీటర్లు. పశ్చిమ బెంగాల్‌లో అంతకన్నా ఎత్తైన చోటు లేదు. ప్రపంచంలో మొదటి అయిదు శిఖరాల్లో నాలుగు, అంటే ఎవరెస్టు, కాంచన్‌జంగా, లోత్సే, మకాలు అక్కడ నిలబడి తల తిప్పితే కనిపిస్తాయి. రెండోదైన కే2 కారకోరంలో ఎక్కడో ఉంది కాబట్టి దాన్ని వదిలేయండి.

నేను ఈ దారిలో రెండుసార్లు నడిచాను. మొదటిసారి సెలవు తక్కువని దారిలోని టుమ్లింగ్ పల్లె నుంచి ఒక్క రోజులో పైకెక్కేశాం. దగ్గర దగ్గర 19 కిలోమీటర్లు. కాళ్ళు బాగానే ఆడాయి. రాత్రి ఎనిమిదింటికి మా బావమరిదికి తలనొప్పి మొదలైంది. పదింటికి వాంతులు. తెల్లారకముందే జీపు మాట్లాడి అతన్ని కిందికి దించేశాం. బయట ఆకాశం కడిగినట్టుంది. పక్క లాడ్జివాళ్ళు కెమెరాలు పట్టుకుని తూర్పుకేసి నిలబడ్డారు, మేం తలకాయ పట్టుకున్న మనిషిని ఒళ్ళో పెట్టుకుని దిగిపోయాం. రెండోసారి అదే దారికి ఒక్క రాత్రి ఎక్కువ పెట్టుకున్నాం. అదే బావమరిది, అదే వయసు మీద ఇంకో రెండేళ్ళు, ఏమీ కాలేదు. కింద రాసిందంతా ఆ ఒక్క రాత్రి కోసమే అనుకోండి.

మొదటి పని: రాత్రులు ఖాయం చేసుకోవడం

ఎత్తు వల్ల వచ్చే ఇలాంటి జబ్బు రాకుండా ఉండాలంటే, 3000 మీటర్లు దాటాక పడుకునే చోటి ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదన్నది పర్వత వైద్యులు చెప్పే లెక్క. పగలు ఎంత ఎక్కి దిగినా పెద్ద ఇబ్బంది లేదు, పడుకునే చోటే ముఖ్యం. టుమ్లింగ్ సుమారు 2900 మీటర్లు, సందక్‌ఫూ 3636. ఒకే గెంతులో 700 పైన. మధ్యలో కాలీపోఖ్రీ అనే పల్లె 3100 పైచిలుకులో ఉంది. అక్కడ ఆగితే లెక్క సరిపోతుంది. సందక్‌ఫూకి అక్కణ్ణుంచి ఆరు కిలోమీటర్లే కాబట్టి చాలామంది "ఇంతకోసం ఒక రాత్రెందుకు" అని దాటిపోతారు. మేమూ అదే చేశాం.

కాబట్టి వరస ఇది: తొలి రాత్రి ధోత్రే, సుమారు 2500 మీటర్లు. రెండోది టుమ్లింగ్. మూడోది కాలీపోఖ్రీ. నాలుగోది సందక్‌ఫూ. అయిదోది దిగువన శ్రీఖోలా. ఆరో రోజు జీపులో మైదానానికి. రైలు కూడా కలుపుకుంటే గడప దాటి గడప చేరేసరికి తొమ్మిది రోజులు. పదో రోజు కూడా సెలవులో రాసిపెట్టుకోండి, అది ఎందుకో చివర్లో చెప్తాను.

మామూలుగా అందరూ మానేభంజన్ నుంచే నడక మొదలెడతారు. అది జీపుల దారి. మొదటి గంటే నిట్టనిలువు, పైగా బండ్ల పొగ. ధోత్రే నుంచి అయితే అడవి బాట, బండ్లు రావు. గైడ్‌ను మాత్రం మానేభంజన్‌లోనే తీసుకోవాలి. అందుకని ముందు అక్కడ ఆగి, ఆ పని చూసుకుని, అదే జీపులో ధోత్రేకి వెళ్ళిపోండి.

ఏ నెలలో

శిఖరాలే కావాలంటే అక్టోబరు మూడో వారం నుంచి నవంబరు చివరి దాకా. పూలు కావాలంటే ఏప్రిల్, మే మొదట్లో. అప్పుడు గురాస్ (రోడోడెండ్రాన్) చెట్లు కొండంతా ఎర్రగా, గులాబీగా పూస్తాయి కానీ మధ్యాహ్నానికల్లా మబ్బు కమ్మేస్తుంది. జనవరి, ఫిబ్రవరిలో మంచు పడొచ్చు, లాడ్జి గొట్టాల్లో నీళ్ళు గడ్డకడతాయి. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి వద్దంటాను. జూన్ 16 నుంచి సెప్టెంబరు 15 దాకా సింగలీలా నేషనల్ పార్కు మూసే ఉంటుంది.

దసరా సెలవులకి వెళ్దామని చాలామంది అంటారు. ఆ రోజుల్లో వానలు ఇంకా పూర్తిగా తగ్గవు. 2025 అక్టోబరు మొదటి వారంలో కురిసిన వానకి డార్జిలింగ్ కొండల్లో చరియలు విరిగి పడి జనం చనిపోయారు, మిరిక్ దారిలో దూధియా వంతెన కూలింది. దీపావళి దాకా ఆగండి.

మనవాళ్ళకి ఇంకో మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన మీద విరుచుకుపడింది. చెట్లు, కరెంటు స్తంభాలు, విమానాశ్రయం పైకప్పు, ఆ రోజు ఎవరికీ మర్చిపోయేది కాదు. ఆ తుపాను మిగిలిన తేమంతా మోసుకుంటూ ఉత్తరానికి పోయి, రెండు రోజుల తర్వాత నేపాల్‌లోని థోరాంగ్ లా కనుమ మీద మంచు తుపానుగా కురిసింది. ట్రెక్కర్లు, గైడ్లు కలిపి 40 మందికి పైగా చనిపోయారు. అందుకని బయల్దేరే వారం బంగాళాఖాతంలో వాయుగుండం ఉందంటే రైలు క్యాన్సిల్ అవుతుందేమోనని మాత్రమే చూడకండి, పైన రెండు మూడు రోజుల తర్వాత ఏమవుతుందో కూడా చూడండి.

వైజాగ్‌లో ఒంటిని సిద్ధం చేయడం

సింహాచలం గిరి ప్రదక్షిణ చేసినవాళ్ళు కాళ్ళ గురించి దిగులు పెట్టుకోనక్కర్లేదు. అది 32 కిలోమీటర్లు, ఒక రాత్రిలో, చాలామంది చెప్పుల్లేకుండా. ధోత్రే నుంచి సందక్‌ఫూకి మన దారి అంతకన్నా తక్కువే, దాన్ని మనం మూడు రోజులు నడుస్తున్నాం. దూరం మనకి కొత్త కాదు. కొత్తవి రెండే: బరువుతో ఎక్కడం, బరువుతో దిగడం.

రెండు నెలల ముందు నుంచి వారానికి రెండు రోజులు తొలిపావంచ దగ్గర మెట్లెక్కండి. అక్కణ్ణుంచి గుడి దాకా వెయ్యి మెట్ల పైమాటే. మొదటి రెండు వారాలు ఖాళీ చేతులతో, తర్వాత వీపు సంచిలో రెండు లీటర్ల నీళ్ళ సీసాలు మూడు పెట్టుకుని. చాలామంది ఎక్కి, దర్శనం చేసుకుని, బస్సులో దిగిపోతారు. అదే తప్పు. దిగడమే అసలు సాధన. సందక్‌ఫూ నుంచి శ్రీఖోలాకి ఒకే రోజులో 1500 మీటర్లు దిగాలి. తొడ కండరం దానికి అలవాటు పడకపోతే మర్నాడు లాడ్జి మెట్టు దిగడానికి కూడా గోడ పట్టుకోవాలి. మెల్లిగా, మోకాలు కాస్త వంచి, చప్పుడు రాకుండా దిగడం నేర్చుకోండి. మెట్లు విసుగొస్తే ఆదివారం కంబాలకొండలో నడవండి. బీచ్ రోడ్డులో నడక ఊపిరికి మంచిదే కానీ చదును నేల మీద కొండకి సిద్ధం కాలేం.

ఎత్తుకి మాత్రం ఇక్కడ సాధన లేదు. అరకు 900 మీటర్ల చిల్లర. మన తూర్పు కనుమల్లో పెద్ద కొండల్లో ఒకటైన అర్మకొండే 1680. మన ట్రెక్ మొదటి రాత్రి పడుకునే ధోత్రే దానికన్నా ఎనిమిది వందల మీటర్లు పైన ఉంది. సందక్‌ఫూలో గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే. బీచ్‌లో రోజూ పది కిలోమీటర్లు పరిగెత్తే కుర్రాడు అక్కడ పడిపోవచ్చు, వాళ్ళ నాన్న హాయిగా తిరగొచ్చు. ఫిట్‌నెస్‌కీ ఎత్తు జబ్బుకీ పెద్ద సంబంధం లేదు. బీపీ, షుగర్, ఉబ్బసం, గుండె సమస్య ఉన్నవాళ్ళు టికెట్ కొనే ముందు డాక్టర్‌తో మాట్లాడాలి. ఎత్తుకి వేసుకునే ఎసిటజోలమైడ్ మాత్ర గురించి కూడా అప్పుడే అడగండి. సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి.

సంచి

ఎనిమిది కిలోలు దాటకూడదు. ఇంటి దగ్గర తూకం వేయండి. పది ఉంటే రెండు తీసేయండి, ఏం తీయాలో తెలియకపోతే మూడో ప్యాంటుతో మొదలెట్టండి.

లంబసింగి చలి చూశాం కదా అనుకోవద్దు. అక్కడ చలి నిలబడి ఉంటుంది, ఇక్కడ గాలితో కలిసి కొడుతుంది. నవంబరు రాత్రి సందక్‌ఫూలో సున్నా కన్నా కిందికి పోతుంది. ఒంటికి ఆనుకుని థర్మల్ జత, దాని మీద ఫ్లీస్, దాని మీద దూది లాంటి డౌన్ జాకెట్, అన్నిటి మీదా గాలి వాన ఆపేది ఒకటి. కాటన్ బనీను వద్దు, చెమటకి తడిసి ఒంటి మీదే చల్లబడుతుంది. ఉన్ని టోపీ, రెండు జతల చేతి తొడుగులు, నాలుగు జతల మందపాటి సాక్సులు, తలకి కట్టుకునే లైటు, చేతికర్ర. పవర్ బ్యాంకును రాత్రి రజాయిలో మీ పక్కనే పడుకోబెట్టుకోండి, చలికి చార్జి దిగిపోతుంది. రజాయిలు ఇస్తారు కానీ రోజూ ఉతకరు. లోపల వేసుకోవడానికి పల్చటి దుప్పటి సంచి కుట్టించుకుంటే మనసుకి హాయి.

బూట్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను అటక మీద మూడేళ్ళుగా పడున్న బూట్లు తుడిచి వేసుకెళ్ళాను. చూడ్డానికి కొత్తవే. టుమ్లింగ్ ముందొచ్చే టోంగ్లూ కొండ ఎక్కుతుంటే కుడి కాలి సోల్ కప్ప నోరు తెరిచినట్టు తెరుచుకుంది. కంపెనీ తప్పు కాదు. పాలీయురేథేన్ సోల్ గాల్లో తేమకి లోపల్లోపలే చివికిపోతుంది, వాడకుండా ఉంచితే ఇంకా తొందరగా. మన సముద్రపు గాలి దానికి విందు భోజనం. మిగతా దారంతా తాడు కట్టుకుని నడిచాను. పాత బూట్లయితే నెల ముందు దించి మెట్ల మీద వాడి చూడండి. కొత్తవైతే యాభై కిలోమీటర్లయినా నడవకుండా రైలెక్కించకండి.

తినడానికి ఇక్కణ్ణుంచి మోయదగినవి: మాడుగుల హల్వా, నువ్వుల చిమ్మిలి, వేయించిన జీడిపప్పు, చిన్న సీసాలో కందిపొడి. నెయ్యి, పంచదార కలిసిన హల్వా చలిలో గట్టిబడుతుంది కానీ మధ్యాహ్నం మూడింటికి ఎక్కడం మీద ఒక ముక్క నోట్లో వేసుకుంటే ఆ శక్తి వేరు. పచ్చడి వద్దు, సీసా పగిలితే థర్మల్‌కి ఎప్పటికీ గోంగూర వాసనే.

కాగితాలు, గైడ్, డబ్బు

ఈ బాట నేపాల్ సరిహద్దు మీదే పాములా పాకుతుంది. టుమ్లింగ్, కాలీపోఖ్రీ లాంటి పల్లెలు నేపాల్ వైపున్నవే. రాత్రి నేపాల్‌లో పడుకుని పొద్దున్న ఇండియాలో నడుస్తుంటారు. సరిహద్దు కాపలా కాసే ఎస్‌ఎస్‌బీ జవాన్లు మధ్యమధ్యలో పేర్లు రాసుకుంటారు. ఓటరు కార్డు అసలుది, లేకపోతే పాస్‌పోర్టు పట్టుకెళ్ళండి. ఆధార్ జేబులో ఉన్నా దాని ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. జిరాక్సులు నాలుగు, ఫొటోలు నాలుగు.

గైడ్ తప్పనిసరి. మానేభంజన్‌లో గైడ్ల సంఘం కౌంటరు ఉంది, వరస ప్రకారం పంపిస్తారు. దారి తెలుసు కదా, ఎందుకీ ఖర్చు అని గొణగొద్దు. పొగమంచు దిగినప్పుడు, ఎవరికైనా ఒంట్లో బాగోనప్పుడు, లాడ్జిలో మంచాలు నిండిపోయినప్పుడు ఆ మనిషే దిక్కు. మా బావమరిదిని దించడానికి అర్ధరాత్రి జీపు డ్రైవర్‌ని లేపింది మా గైడ్ దాజూనే. దాజూ అంటే అన్న, చిన్నవాడైతే భాయి. పార్కు టికెట్టు కూడా ఆయనే తీసిపెడతారు.

డబ్బు నోట్లలోనే. రైలు దిగిన సిలిగురిలోనే ఏటీఎం నుంచి తీసుకోండి, వందలు ఎక్కువ ఉండేలా. పైన సిగ్నల్ ఉన్నా లేనట్టే, యూపీఐని నమ్ముకుంటే టీ తాగలేరు. పడక, రెండు పూటల భోజనం, పొద్దున్న టిఫిన్ కలిపి మనిషికి రోజుకు 1200 నుంచి 1800 రూపాయలు, గైడ్‌కి రోజుకు 1500 నుంచి 2000 వేసుకోండి. నలుగురు కలిసి వెళ్తే జీపులతో సహా, రైలు కాకుండా, మనిషికి 15,000 దగ్గర పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

రైలు దిగాక

వివేక్ ఎక్స్‌ప్రెస్‌కి ఆలస్యం కొత్త కాదు, అదే రోజు కొండెక్కాలని పట్టుదల పెట్టుకోకండి. చీకటి పడితే స్టేషన్ దగ్గరే పడుకుని పొద్దున్నే బయల్దేరండి. నలుగురుంటే మానేభంజన్ మీదుగా ధోత్రేకి జీపు మాట్లాడుకోవడమే నయం. ఒక్కరే అయితే డార్జిలింగ్ షేర్ జీపెక్కి ఘూమ్‌లో దిగి, సుఖియాపోఖ్రీ మీదుగా మారుకుంటూ వెళ్ళొచ్చు.

మానేభంజన్ చిత్రమైన ఊరు. బజారు సగం మన దేశం, సగం నేపాల్. వీధిలో 1950ల నాటి ల్యాండ్ రోవర్లు ఇప్పటికీ కొన్ని కనిపిస్తాయి. తేయాకు తోటల దొరలు వదిలిపోయిన బండ్లు, తాతల నుంచి మనవళ్ళకి వచ్చాయి. సందక్‌ఫూకి జీపులో కూడా వెళ్ళొచ్చని మీకు చాలామంది చెప్తారు. ఒక్క రోజులో 3636 మీటర్లకి బండిలో ఎక్కిపోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళున్నారు, పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. దించడానికి జీపు మంచిదే, ఎక్కడానికి వద్దు.

ధోత్రే నుంచి టుమ్లింగ్

ఏడు కిలోమీటర్ల లోపే, నాలుగు గంటలు. చెట్ల మొదళ్ళకి పట్టిన నాచు, మాగ్నోలియా, గురాస్, ఓక్, అడుగు చప్పుడు కూడా వినపడని మెత్తటి నేల. గైడ్ మీకు నేర్పే మొదటి నేపాలీ మాట "బిస్తారై", మెల్లిగా. పక్కవాడితో మాట్లాడుతూ నడవగలిగే వేగమే సరైన వేగం. మాట ఆగిపోయి ఊపిరే వినిపిస్తుంటే మీరు తొందరపడుతున్నారు. టోంగ్లూ శిఖరం దాటి కొంచెం దిగితే టుమ్లింగ్. సాయంత్రం మబ్బు లేకపోతే కాంచన్‌జంగా ఇక్కడే మొదటిసారి కనిపిస్తుంది.

టుమ్లింగ్ నుంచి కాలీపోఖ్రీ

13 కిలోమీటర్లు, ఆరేడు గంటలు. ఎక్కిన ఎత్తులో మూడు వందల మీటర్లు గైరీబాస్‌కి దిగి పోగొట్టుకుని, మళ్ళీ ఎక్కాలి. గైరీబాస్‌లో మధ్యాహ్నం అన్నం. దాని తర్వాత వెదురు పొదల అడవి. ఎర్ర పాండాలు ఉండేది ఇక్కడే. గోల చేయకుండా నడిస్తే కనిపిస్తుందని గైడ్లు చెప్తారు, నాకు రెండుసార్లూ కనిపించలేదు. కయాకట్టాలో టీ తాగి, ఇంకో నాలుగు కిలోమీటర్లు మెల్లటి ఎక్కుడు.

కాలీపోఖ్రీ అంటే నల్లకోనేరు. ఊరి మొదట్లోనే చిన్న గుంట, చుట్టూ బౌద్ధుల రంగు జెండాలు. చలికాలంలోనూ గడ్డకట్టదని ఊరివాళ్ళ నమ్మకం. కాళ్ళు కడగడం, రాళ్ళు విసరడం చేయకండి. ఇక్కడి రాత్రే మనం పట్టుబట్టి పెట్టుకున్న రాత్రి. ఎలా గడపాలంటే, ఏమీ చేయకుండా. తలలో కొంచెం దిమ్ముగా ఉంటే నీళ్ళు తాగండి, రోజుకు మూడు నాలుగు లీటర్లు. నిద్ర మధ్యలో మెలకువ వచ్చి ఊపిరి ఆగి మళ్ళీ వచ్చినట్టు అనిపించొచ్చు, ఈ ఎత్తులో చాలామందికి అలాగే ఉంటుంది.

పొద్దున్న లేచాక తలనొప్పి పోకపోతే, పారాసిటమాల్‌కీ లొంగకపోతే, కూడా వికారం ఉంటే, ఆ రోజు పైకి వెళ్ళకూడదు. అక్కడే ఇంకో రోజు ఉండండి. మనిషి తూలుతున్నా, మాట తడబడుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా ఇక ఆలోచించకుండా కిందికి దించండి. రాత్రయినా సరే, ఒంటరిగా పంపకుండా. మొహమాటానికి "నాకేం లేదు" అనేవాళ్ళని ఎక్కువ గమనించండి. మావాడూ రాత్రి ఎనిమిదింటి దాకా అదే మాట అన్నాడు.

కాలీపోఖ్రీ నుంచి సందక్‌ఫూ

ఆరు కిలోమీటర్లు. మొదటి రెండు బికేభంజన్ దాకా చదును, చివరి నాలుగు మెలికలు తిరిగే నిలువు దారి. పొద్దున్న ఏడింటికి బయల్దేరితే పదకొండుకి పైన ఉంటారు. సందక్‌ఫూ అన్న పేరుకి విషపు మొక్కల కొండ అని అర్థం చెప్తారు. మన ఆయుర్వేదంలో వసనాభి అంటామే, ఆ జాతి మొక్కలు శిఖరం దగ్గర పెరుగుతాయి. నీలం పూలు బాగుంటాయి, కోయకండి.

చేరగానే రజాయిలో దూరకండి. గంటసేపు బయట తిరిగి, వేడిగా ఏదైనా తాగి, సాయంత్రం తొందరగా తిని పడుకోండి. ఈ రాత్రి మద్యం ముట్టకూడదు.

అలారం తెల్లవారుజామున నాలుగున్నరకి. ఉత్తరానికి తిరిగి నిలబడితే కాంచన్‌జంగా వరస కుడివైపు. పడుకున్న బుద్ధుడి ఆకారం అంటారు దాన్ని. ఆ ఆకారానికి తలగా ఉండే కొండ పేరు కుంభకర్ణ, 7710 మీటర్లు. నిద్రపోతున్నది బుద్ధుడో కుంభకర్ణుడో మన పక్కనున్నవాళ్ళు తేల్చుకోలేకపోయారు. ఎడమవైపు దూరంగా లోత్సే, ఎవరెస్టు, మకాలు పక్కపక్కనే. దగ్గరగా ఉండడం వల్ల మకాలే పెద్దదిగా కనిపిస్తుంది, సగం మంది దాన్నే ఎవరెస్టు అనుకుని ఫొటో తీసుకుంటారు. గైడ్‌ని అడిగి వేలు పెట్టి చూపించుకోండి.

ఇంకో రెండు రోజులు చేతిలో ఉండి ఒళ్ళు బాగుంటే ఫాలుట్ దాకా 21 కిలోమీటర్ల గట్టు నడక ఉంది. మొదటిసారికి అక్కర్లేదు.

టీహౌస్‌లో ఎలా ఉండాలి

గది అద్దె తక్కువ, ఎందుకంటే వాళ్ళకి నాలుగు రూపాయలు మిగిలేది భోజనం మీద. పడుకున్న చోటే తినడం ఇక్కడి మర్యాద. గది ఒకచోట తీసుకుని ఎదురింట్లో చవగ్గా తింటే ఎవరూ ఏమీ అనరు కానీ పొద్దున్న వేడినీళ్ళు ఆలస్యమవుతాయి. చేరగానే రాత్రికి ఏం కావాలో, ఎంతమందో చెప్పేయండి. ఒక్క పొయ్యి మీద ఇరవై మందికి వండాలి. అందరూ ఒకే రకం చెప్తే అందరికీ తొందరగా వస్తుంది. అన్నం, పప్పు, ఆవాకు కూర, బంగాళాదుంప, గుడ్డు, ఇవి రోజూ ఉంటాయి. పప్పు, అన్నం అడిగితే మళ్ళీ వేస్తారు. మూడో రోజు నోరు చప్పబడినప్పుడు కందిపొడి తీయండి, కానీ ముందు దీదీకి కొంచెం పెట్టి తర్వాత మీరు వేసుకోండి. కాలీపోఖ్రీలో ఒక పెద్దావిడ రుచి చూసి "మీఠో ఛ" (రుచిగా ఉంది) అని సీసాలో సగం ఒంపుకుంది. ఆ రాత్రి మాకు పొయ్యి పక్కనే చోటు దొరికింది.

వంటింట్లోకి బూట్లతో వెళ్ళకండి. పొయ్యిలో చెత్త వేయకండి, చాలా ఇళ్ళలో దాన్ని దేవుడి చోటుగా చూస్తారు. దారిలో రాతిగోడల మీద మంత్రాలు చెక్కి ఉంటాయి. గుడి చుట్టూ తిరిగినట్టే వాటిని కుడి చేతివైపు ఉంచుకుని దాటండి. నీళ్ళు పైకి మోసుకొచ్చినవి, స్నానం అడక్కండి. నాలుగు రోజులు ఒళ్ళు తుడుచుకుంటే చాలు, అందరూ అదే వాసన. ప్లాస్టిక్ సీసాలు కొనకుండా మరిగించిన నీళ్ళు నింపించుకోండి. మీ హల్వా కాగితం కూడా మీ సంచిలోనే వైజాగ్ రావాలి.

దిగుడు, తిరుగు దారి

సందక్‌ఫూ నుంచి గుర్దుం మీదుగా శ్రీఖోలా 16 కిలోమీటర్లు, అంతా దిగుడే. కర్ర ముందు, కాలు వెనక. బూటు తాళ్ళు పైదాకా బిగించి కట్టండి, లేకపోతే బొటనవేలి గోరు నల్లబడుతుంది. గంటకోసారి చెట్ల రకం మారిపోతుంది, గాలి బరువెక్కుతుంది, సాయంత్రానికి ఏటి చప్పుడు వినిపిస్తుంది. అదే శ్రీఖోలా.

తోంగ్‌బా తాగాలనుకునేవాళ్ళకి ఇదీ చోటు. పులియబెట్టిన ధాన్యం నింపిన పొడవాటి పాత్రలో వేడినీళ్ళు పోసి, గొట్టంతో పీలుస్తారు. ఆ ధాన్యాన్ని వాళ్ళు కోదో అంటారు. తీసి అరచేతిలో పోసుకుని చూస్తే మన చోళ్ళే. ఉత్తరాంధ్రలో అంబలి కాచుకునే చోళ్ళు అక్కడ అలా మారాయి.

మర్నాడు పొద్దున్నే రింబిక్ మీదుగా జీపులు. షేర్ జీపులు ఉదయం వెళ్ళిపోతాయి, రాత్రే గైడ్‌తో చెప్పించి సీటు పెట్టించుకోండి. గైడ్‌కి ఇవ్వాల్సింది, పైన మీ మనసుకి తోచింది ఇక్కడే ఇచ్చేయండి. అదే రోజు సాయంత్రం బండికి టికెట్టు తీసుకోవద్దు. ఒక్క చరియ విరిగి పడితే ఆరు గంటల దారి పదహారు గంటలవుతుంది, బండి మీ కోసం ఆగదు. ముందు చెప్పిన పదో రోజు దీనికోసమే. చరియలు పడకపోతే ఆ రోజు సిలిగురి బజారులో తిరిగి ఛుర్పీ కొనండి. చమరీ పాలతో చేసి ఎండబెట్టిన గట్టి జున్ను అది. ఇంట్లో పిల్లలకి ఇచ్చేటప్పుడు కొరకొద్దని, బుగ్గన పెట్టుకోమని చెప్పండి. మా అక్క కొడుకు వినకుండా పన్ను చివర విరగ్గొట్టుకున్నాడు.